ల్యాప్‌టాప్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ పునరుద్ధరణ, డ్రైవర్లు తిరిగి వేయడం

పాడైన ఆపరేటింగ్ సిస్టమ్‌ను బాగుచేయడం, బాగుపడకపోతే తీసేసి కొత్తగా ఎక్కించడం, ఆపైన యంత్రంలోని ఒక్కో భాగానికీ తగిన డ్రైవర్ వేయడం, ఈ పనులన్నీ కలిస్తే ల్యాప్‌టాప్ పునరుద్ధరణ. తెలుగునాట రిపేరు దుకాణాల్లో దీనికి ‘ఫార్మాట్ కొట్టడం’ అన్న పేరు స్థిరపడింది. ఆ పేరు కొంత తప్పుదోవ పట్టిస్తుంది. ఫార్మాట్ అంటే డిస్కులో ఒక విభాగాన్ని ఖాళీచేసి దానిమీద కొత్త ఫైల్ వ్యవస్థను రాయడం. పునరుద్ధరణలో అది ఒక మెట్టు మాత్రమే, అదీ చాలాసార్లు ఎక్కాల్సిన పనిలేని మెట్టు. తెర నల్లబడగానే ఫార్మాట్‌కు సిద్ధపడే అలవాటువల్ల పెళ్లి ఫోటోలు, థీసిస్‌లు, దుకాణాల లెక్కలు పోయిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. కొత్త సిస్టమ్ వేయడం అరగంట, గంటలో అయ్యే పని. దానికి ముందు ఏం దాచుకున్నారు, తర్వాత ఏ డ్రైవర్లు వేశారు అన్నదాన్నిబట్టే యంత్రం మునుపటిలా పనిచేస్తుందా లేదా అన్నది తేలుతుంది.

డ్రైవర్ చేసే పని

ఆపరేటింగ్ సిస్టమ్‌కు వైఫై చిప్పు, శబ్దం చిప్పు, టచ్‌ప్యాడ్ ఎలా పనిచేస్తాయో స్వతహాగా తెలియదు. ఆ చిప్పు తయారుచేసినవాళ్లకు తెలుసు. వాళ్లు రాసి ఇచ్చే చిన్న ప్రోగ్రామే డ్రైవర్. ‘శబ్దం పెంచు’ అని సిస్టమ్ చెప్పిన మాటను చిప్పులోని ఫలానా రిజిస్టరులో ఫలానా అంకె రాయడంగా మార్చేది అదే. విండోస్‌లో ఒక డ్రైవర్ ప్యాకేజీలో సాధారణంగా మూడు రకాల ఫైళ్లుంటాయి. ఏ పరికరానికి ఏం వేయాలో చెప్పే ఐఎన్‌ఎఫ్ ఫైలు ఒకటి. అసలు ప్రోగ్రామున్న ఎస్‌వైఎస్ ఫైలు రెండోది. ఇవి మధ్యలో ఎవరూ మార్చలేదని ధ్రువపరిచే సంతకమున్న క్యాట్ ఫైలు మూడోది.

చాలా డ్రైవర్లు కెర్నెల్ లోపల, అంటే సిస్టమ్ గర్భగుడిలో పనిచేస్తాయి. అక్కడ తప్పు జరిగితే ఒక ప్రోగ్రాము మూతపడి ఊరుకోదు, మొత్తం యంత్రం నీలితెర చూపి ఆగిపోతుంది. 2024 జులై 19న లోకమంతా దీన్ని కళ్లారా చూసింది. క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సంస్థ కెర్నెల్ డ్రైవర్ చదివే ఒక ఫైలు లోపంతో విడుదలై, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల విండోస్ యంత్రాలు పడిపోయాయి. శంషాబాద్ విమానాశ్రయంలో ఆరోజు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. ఆ యంత్రాల్లో చాలావాటికి ఫార్మాట్ అవసరం కాలేదు. సేఫ్ మోడ్‌లోకో రికవరీ తెరలోకో వెళ్లి 291 అంకె ఉన్న ఆ ఒక్క ఫైలు తీసేస్తే సరిపోయింది. కాకపోతే డిస్కు ఎన్‌క్రిప్షన్‌లో ఉన్న యంత్రాల్లో ఆ ఫైలు దాకా వెళ్లడానికే 48 అంకెల రికవరీ కీ అడిగింది. కీ దగ్గరలేని సంస్థలు రోజుల తరబడి అవస్థపడ్డాయి.

విండోస్‌లో పరికరాన్ని తనంతట తానే గుర్తించే ప్లగ్ అండ్ ప్లే పద్ధతి 1995 నాటి విండోస్ 95తో వచ్చింది. ప్రతి పరికరమూ తన గుర్తింపు సంఖ్య చెబుతుంది, సిస్టమ్ తన దగ్గరున్న ఐఎన్‌ఎఫ్ ఫైళ్లలో ఆ సంఖ్య వెతుక్కుంటుంది, దొరికితే సరి. దొరకనప్పుడే మనిషి పూనుకోవాలి.

ల్యాప్‌టాప్ ప్రత్యేకత

డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డు ఒకరిది, గ్రాఫిక్స్ కార్డు ఇంకొకరిది. ఎవరి డ్రైవర్ వారి దగ్గర దొరుకుతుంది. ల్యాప్‌టాప్ అలా కాదు. ఒకే తయారీదారు రకరకాల చిప్పులను ఒకే బోర్డుమీద బిగించి, ఆ మోడల్‌కు తగినట్టు డ్రైవర్లను సరిచేసి అమ్ముతాడు. స్పీకర్ల శృతి, మూత మూస్తే నిద్రపోవడం, వెలుతురు తగ్గించే ఎఫ్‌ఎన్ మీటలు, బ్యాటరీని 80 శాతం దగ్గర ఆపే ఏర్పాటు లాంటివి చిప్పు తయారీదారు ఇచ్చే సాధారణ డ్రైవర్‌లో ఉండవు. అందుకే ల్యాప్‌టాప్ డ్రైవర్లు వెతకాల్సిన మొదటి చోటు ఆ మోడల్‌కు తయారీదారు నడిపే సహాయ పుట. డెల్ యంత్రాల అడుగున 7 అక్షరాల సర్వీస్ ట్యాగ్ ఉంటుంది. లెనొవో, హెచ్‌పి, ఏసర్, ఆసుస్ యంత్రాలకు సీరియల్ నంబరో ప్రొడక్ట్ నంబరో ఉంటుంది. మోడల్ పేరు ఒక్కటే చూసుకుంటే పొరపాటు జరుగుతుంది. ఒకే పేరుతో అమ్మిన రెండు యంత్రాల్లో ఒకదానిలో రియల్‌టెక్ వైఫై, మరోదానిలో ఇంటెల్ వైఫై ఉండటం మామూలు.

ఆ సహాయ పుటలు శాశ్వతం కావన్నది కూడా గుర్తుంచుకోదగ్గ సంగతి. సోనీ 2014లో వయో విభాగాన్ని అమ్మేసింది. తోషిబా 2020లో ల్యాప్‌టాప్ వ్యాపారంలో మిగిలిన వాటానూ వదులుకుంది. అలాంటి పాత యంత్రాల విషయంలో, పనిచేస్తున్న రోజుల్లోనే డ్రైవర్లను ఒక పెన్‌డ్రైవ్‌లో దాచుకున్నవాళ్లే నిశ్చింతగా ఉన్నారు.

పునరుద్ధరణ సౌకర్యాలు వచ్చిన క్రమం

2000కు అటూ ఇటూ ల్యాప్‌టాప్ పెట్టెలోనే రికవరీ సీడీలు, డ్రైవర్ సీడీ వచ్చేవి. తర్వాత తయారీదారులు సీడీలు మానేసి, హార్డ్‌డిస్కులోనే కొన్ని గిగాబైట్ల రహస్య విభాగం ఉంచి అందులో మొత్తం సిస్టమ్‌ను డ్రైవర్లతో సహా దాచడం మొదలుపెట్టారు. యంత్రం మొదలవుతుండగా ఒక మీట నొక్కితే అది తెరుచుకునేది. హెచ్‌పిలో ఎఫ్‌11, ఆసుస్‌లో ఎఫ్‌9, ఏసర్‌లో ఆల్ట్‌తో ఎఫ్‌10, తోషిబాలో సున్నా, శామ్‌సంగ్‌లో ఎఫ్‌4. లెనొవోలో పిన్నుతో నొక్కే నోవో అనే చిన్న బొత్తం. పాత యంత్రాల్లో ఈ విభాగం చెక్కుచెదరకుండా ఉంటే అంతకన్నా తేలికైన దారి లేదు, ఎందుకంటే డ్రైవర్ల బెడదే ఉండదు. కానీ హార్డ్‌డిస్కు మార్చినప్పుడో, ‘స్థలం వృథా’ అని ఎవరో ఆ విభాగం తుడిచేసినప్పుడో ఆ దారి మూసుకుపోతుంది.

మైక్రోసాఫ్ట్ వైపు నుంచి, 2000లో విండోస్ మిలీనియంతో సిస్టమ్ రిస్టోర్ వచ్చింది. అది రిజిస్ట్రీని, సిస్టమ్ ఫైళ్లను, డ్రైవర్లను గతంలో ఒక తేదీ నాటి స్థితికి తెస్తుంది. సొంత పత్రాల జోలికి పోదు. 2007లో విస్టాతో సిస్టమ్‌కు విడిగా ఉండే రికవరీ పర్యావరణం వచ్చింది. 2012లో విండోస్ 8తో రిఫ్రెష్, రీసెట్ అనే రెండు బొత్తాలు వచ్చి, విండోస్ 10లో ‘రీసెట్ దిస్ పీసీ’ అన్న ఒక్క పేరు కింద కలిశాయి. విండోస్ 10 రీసెట్‌కు విడిగా దాచిన ప్రతి అక్కర్లేదు. సిస్టమ్ తనలో ఉన్న ఫైళ్లనుంచే తనను తిరిగి నిర్మించుకుంటుంది, వేసి ఉన్న డ్రైవర్లను చాలావరకు నిలుపుకుంటుంది. ఆ ఫైళ్లే పాడైతే ఏం చేయాలన్న ప్రశ్నకు 2020 మే నెల కూర్పులో క్లౌడ్ డౌన్‌లోడ్ జవాబుగా వచ్చింది. దానికి 4 గిగాబైట్లకు పైగా డేటా ఖర్చవుతుంది. మొబైల్ డేటాతో చేసేవాళ్లు రోజువారీ పరిమితి చూసుకోవాలి.

చిన్న వైద్యం నుంచి పెద్ద వైద్యానికి

సిస్టమ్ మొదలుకాకపోతే ముందుగా చూడాల్సింది, తప్పు సిస్టమ్‌దేనా అన్నది. డిస్కు చనిపోతున్నా, ర్యామ్ సరిగ్గా కూర్చోకపోయినా లక్షణాలు ఇలాగే ఉంటాయి. బయోస్‌లో ఉండే డయాగ్నస్టిక్ పరీక్ష డిస్కు పాడైందని చెబితే, దానిమీద మళ్లీ విండోస్ వేయడం పుచ్చిన దూలానికి రంగు వేయడమే. అప్పుడు డేటా బయటికి తీసి డిస్కు మార్చాలి.

మరో మోసకారి సందర్భం ఉంది. బయోస్ సెట్టింగులు తుడిచిపెట్టుకుపోయి డిస్కు విధానం ఏహెచ్‌సీఐ నుంచి రెయిడ్‌కో, రెయిడ్ నుంచి ఏహెచ్‌సీఐకో మారితే విండోస్ ‘ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్’ అని నీలితెర చూపిస్తుంది. దీని సంకేత సంఖ్య 7బి. ఆ ఒక్క సెట్టింగు వెనక్కి మారిస్తే యంత్రం లేచి కూర్చుంటుంది. ఇది తెలియక సిస్టమ్ మొత్తం తుడిచేయించుకున్నవాళ్లు చాలామంది.

విండోస్ వరసగా రెండుసార్లు మొదలుకాలేకపోతే ఆ తర్వాత తనంతట తానే రికవరీ తెర తెస్తుంది. పనిచేస్తున్న యంత్రంలోనైతే షిఫ్ట్ మీట నొక్కిపట్టి రీస్టార్ట్ నొక్కితే అదే తెర వస్తుంది. అక్కడ స్టార్టప్ రిపేర్, సిస్టమ్ రిస్టోర్, ఈమధ్య వచ్చిన అప్‌డేట్ తొలగించడం, సేఫ్ మోడ్, కమాండ్ ప్రాంప్ట్ ఉంటాయి. సేఫ్ మోడ్ కనీస డ్రైవర్లతోనే సిస్టమ్‌ను లేపుతుంది. అందులో పనిచేసి మామూలుగా పనిచేయకపోతే నేరం ఏదో డ్రైవర్‌దో, మొదట్లోనే లేచే ప్రోగ్రాముదో అయ్యుండాలి. డివైస్ మేనేజర్‌లో ఆ డ్రైవర్‌ను రోల్ బ్యాక్ చేస్తే పాత కూర్పు తిరిగొస్తుంది. సిస్టమ్ ఫైళ్లు చెడిపోయాయన్న అనుమానముంటే డిజమ్ ఆదేశంతో మూలప్రతిని బాగుచేసి, ఆపైన ఎస్‌ఎఫ్‌సి ఆదేశంతో ఫైళ్లన్నీ సరిచూడటం పద్ధతి. సిస్టమ్ రిస్టోర్ మంచి సాధనమే అయినా చాలా యంత్రాల్లో అది ముందుగా ఆన్‌లో ఉండదు. అవసరమైన రోజున తెరిచి చూస్తే వెనక్కి వెళ్లడానికి తేదీలే కనిపించవు.

ఇవేవీ ఫలించనప్పుడు ఫైళ్లు ఉంచే రీసెట్, అదీ కాకపోతే అన్నీ తీసేసే రీసెట్, చిట్టచివరగా బయటి పెన్‌డ్రైవ్ నుంచి కొత్త సిస్టమ్. ఫైళ్లు ఉంచే రీసెట్‌లో కూడా విడిగా వేసుకున్న ప్రోగ్రాములన్నీ పోతాయి. ఫైళ్లు మాత్రమే మిగులుతాయి.

తుడిచే ముందు

డెస్క్‌టాప్ మీదున్న ఫైళ్లు సి డ్రైవ్‌లోనే ఉంటాయన్న సంగతి చాలామందికి తెలియదు. ‘డి డ్రైవ్‌లో పెట్టాను కదా’ అనుకునే వాళ్ల పత్రాలు, డౌన్‌లోడ్లు, అకౌంట్ల సాఫ్ట్‌వేర్ డేటా, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు చాలావరకు సి డ్రైవ్‌లోనే దొరుకుతాయి. సిస్టమ్ లేవని పరిస్థితిలో కూడా వీటిని తీయవచ్చు. లినక్స్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో యంత్రాన్ని లేపి బయటి డిస్కులోకి కాపీ చేయడం అన్నిటికన్నా నమ్మకమైన దారి. డిస్కు ఊడదీసి వేరే యంత్రానికి తగిలించడం మరో దారి.

డిస్కు ఎన్‌క్రిప్షన్‌లో ఉంటే ఈ రెండు దారుల్లోనూ విండోస్ ఎన్‌క్రిప్షన్ అయిన బిట్‌లాకర్ కీ కావాలి. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 కూర్పును కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోపలికి వెళితే, అనువైన యంత్రాల్లో డిస్కు అడగకుండానే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, కీ ఆ ఖాతాలో దాగుతుంది. దుకాణంలో ఎవరి ఖాతాతోనో సెటప్ చేయించుకుని వచ్చినవాళ్లకు ఆ కీ ఎక్కడుందో కూడా తెలియదు. బయోస్ అప్‌డేట్ చేసినా, మదర్‌బోర్డు మార్చినా ఆ కీ అడిగే అవకాశముంది. కాబట్టి యంత్రం నడుస్తున్నప్పుడే 48 అంకెలూ కాగితం మీద రాసి పెట్టుకోవాలి.

లైసెన్సు గురించి బెంగ అక్కర్లేదు. విండోస్ 7 కాలం దాకా ప్రొడక్ట్ కీ యంత్రం అడుగున స్టిక్కరు మీద ఉండి, చెమటకు, రాపిడికి చెరిగిపోయేది. విండోస్ 8 నుంచి తయారీదారులు దాన్ని మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్‌లోనే నిక్షిప్తం చేస్తున్నారు. అదే ఎడిషన్ మళ్లీ వేస్తే ఇంటర్నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది. ల్యాప్‌టాప్ హోమ్ ఎడిషన్‌తో వస్తే, ‘ప్రో మంచిది’ అని అది వేయించుకున్నప్పుడే చిక్కు. బోర్డులోని కీ దానికి పనికిరాదు, దాంతో దొంగ యాక్టివేటర్ వేస్తారు, దాని వెంట మాల్‌వేర్ వస్తుంది. విండోస్ ధర కొన్ననాడే చెల్లించిన మనిషికి ఈ గతి పట్టకూడదు.

డ్రైవర్ల ప్రతిని తీసుకోవడం అన్నిటికన్నా తేలిక, అన్నిటికన్నా తక్కువమంది చేసే పని. విండోస్ 8.1 నుంచి డిజమ్ ఆదేశంతోనూ, విండోస్ 10లో 2016 కూర్పు నుంచి పిఎన్‌పియుటిల్ ఆదేశంతోనూ బయటివాళ్ల డ్రైవర్లన్నిటినీ ఒక ఫోల్డర్‌లోకి ఎగుమతి చేయవచ్చు. కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. కొత్త సిస్టమ్ వేశాక డివైస్ మేనేజర్‌కు ఆ ఫోల్డర్ చూపిస్తే ఏది దేనిదో అదే తేల్చుకుంటుంది.

కొత్త సిస్టమ్ ఎక్కించడం

మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే మీడియా క్రియేషన్ టూల్‌తో, కనీసం 8 గిగాబైట్ల పెన్‌డ్రైవ్‌ను బూటబుల్‌గా మార్చవచ్చు. ఐఎస్‌ఓ ఫైలు ముందే ఉంటే రూఫస్ లాంటి ఉచిత సాధనం చాలు. పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది. యంత్రాన్ని ఆ పెన్‌డ్రైవ్ నుంచి లేపడానికి డెల్, లెనొవో, ఏసర్‌లలో ఎఫ్‌12, హెచ్‌పిలో ఎఫ్‌9, ఆసుస్‌లో ఎస్కేప్ మీట బూట్ మెనూ తెస్తాయి. ఏసర్‌లో కొన్నిసార్లు ఆ మెనూను బయోస్‌లో ముందుగా ఆన్ చేయాల్సి ఉంటుంది. చార్జర్ తగిలించే ఉంచాలి.

డిస్కు విభజన రెండు రకాలు. పాత బయోస్ పద్ధతి ఎంబీఆర్‌ది, అది 2 టెరాబైట్లకు మించి చూడలేదు. కొత్త యూఈఎఫ్‌ఐ పద్ధతి జీపీటీది. ఈ రెంటిలో పెన్‌డ్రైవ్ ఒకలా, డిస్కు మరోలా ఉంటే ‘ఈ డిస్కులో విండోస్ వేయలేం’ అన్న సందేశం వస్తుంది. జీపీటీ డిస్కులో సి డ్రైవ్ కాకుండా చిన్న విభాగాలు కొన్ని కనిపిస్తాయి. బూట్ ఫైళ్లుండే ఈఎఫ్‌ఐ విభాగం, 16 మెగాబైట్ల రిజర్వుడ్ విభాగం, రికవరీ విభాగం. ఇవేమిటో తెలియక ఒక్కొక్కటీ డిలీట్ చేసేవాళ్లుంటారు. ఒక డిస్కును పూర్తిగా కొత్తగా చేయదలచుకుంటే తప్ప సిస్టమ్ ఉన్న విభాగాన్ని మాత్రమే ఎంచుకోవడం మేలు. ఫార్మాట్ చేయకుండా అదే విభాగంలో వేస్తే పాత ఫైళ్లు విండోస్ ఓల్డ్ అనే ఫోల్డర్‌లో కొన్నాళ్లు ఉంటాయి. ఫార్మాట్ చేసినా మామూలు హార్డ్‌డిస్కులో ఫైళ్లు వెంటనే చెరిగిపోవు, రికవరీ సాఫ్ట్‌వేర్‌తో కొంత రాబట్టవచ్చు. ఎస్‌ఎస్‌డీలో ట్రిమ్ అనే ఏర్పాటువల్ల ఆ ఆశ దాదాపు ఉండదు.

విండోస్ 11కు 4 గిగాబైట్ల ర్యామ్, 64 గిగాబైట్ల స్థలం, టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ సదుపాయం, ఆమోదిత జాబితాలోని ప్రాసెసర్ కావాలి. ఇంటెల్‌లోనైతే ఇంచుమించు ఎనిమిదో తరం నుంచి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 పట్టని పాత యంత్రాలకు లినక్స్ గౌరవప్రదమైన దారి.

సెటప్‌కు డిస్కే కనిపించనప్పుడు

ఇది ప్రతి తరంలోనూ కొత్త రూపంలో వచ్చే పాత సమస్య. ఎక్కించే సిస్టమ్ పుట్టిన తర్వాత వచ్చిన చిప్పు, ఆ సిస్టమ్‌కు అపరిచితం. ఎక్స్‌పీ 2001లో వచ్చింది; ఆ తర్వాత వచ్చిన సాటా డిస్కుల ఏహెచ్‌సీఐ విధానం దానికి తెలియదు. సెటప్ మొదట్లో ఎఫ్‌6 నొక్కి ఫ్లాపీ నుంచి డ్రైవర్ ఇవ్వాల్సి వచ్చేది, ఫ్లాపీ డ్రైవే లేని ల్యాప్‌టాప్‌లలో కూడా. 2015లో ఇంటెల్ ఆరో తరం ప్రాసెసర్లు వచ్చినప్పుడు విండోస్ 7కు యూఎస్‌బీ 3 కంట్రోలర్ డ్రైవర్ లేక, సెటప్ తెర కనిపించేది కానీ యూఎస్‌బీ మౌస్, కీబోర్డు పనిచేసేవి కావు. ఇంటెల్ పదకొండో తరం వచ్చాక వీఎండీ అనే కంట్రోలర్ వెనుక ఎస్‌ఎస్‌డీ దాగి, విండోస్ 10 సెటప్‌లో డిస్కుల జాబితా ఖాళీగా కనిపించింది. ఎస్‌ఎస్‌డీ పోయిందని అనుకోనక్కర్లేదు. ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ను విప్పి అదే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, ‘లోడ్ డ్రైవర్’ నొక్కి చూపిస్తే డిస్కు ప్రత్యక్షమవుతుంది. బయోస్‌లో వీఎండీ ఆపేయడం మరో మార్గం.

వైఫై డ్రైవర్‌దీ ఇదే వరస. విండోస్ 11 సెటప్ ఇంటర్నెట్ అడుగుతుంది, వైఫైకి డ్రైవర్ ఉండదు, డ్రైవర్ తెచ్చుకోవడానికి ఇంటర్నెట్ ఉండదు. ఆండ్రాయిడ్ ఫోనును కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే విండోస్ దాన్ని నెట్‌వర్క్ కార్డుగా గుర్తిస్తుంది. ఈ ఒక్క కిటుకు తెలిస్తే సగం తలనొప్పి పోతుంది.

డ్రైవర్లు వేసే క్రమం

సిస్టమ్ వేసి ఇంటర్నెట్ తగిలించాక మొదట విండోస్ అప్‌డేట్‌ను తన పని తాను చేసుకోనివ్వాలి. విండోస్ 10, 11లలో సగానికి పైగా పరికరాలు అక్కడే సర్దుకుంటాయి. మిగిలిన డ్రైవర్లు ఐచ్ఛిక అప్‌డేట్‌లలో వేరుగా ఉంటాయి, అక్కడా చూడాలి. ఆ తర్వాతనే తయారీదారు పుట నుంచి తెచ్చినవి.

వాటిలో ముందు చిప్‌సెట్. ప్రాసెసర్‌కూ మిగతా భాగాలకూ మధ్య దారులకు పేర్లు పెట్టేది అది. దానివెంట డిస్కు కంట్రోలర్, మేనేజ్‌మెంట్ ఇంజన్. ఆ తర్వాత గ్రాఫిక్స్. గ్రాఫిక్స్ డ్రైవర్ లేనప్పుడు విండోస్ ‘బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’తో నెట్టుకొస్తుంది; అక్షరాలు పెద్దగా, మసకగా ఉంటాయి, వెలుతురు తగ్గించే మీట పనిచేయదు. ఇంటెల్, ఎన్విడియా రెండూ ఉన్న ల్యాప్‌టాప్‌లో ముందు ఇంటెల్‌ది, తర్వాత ఎన్విడియాది వేయడం ఆనవాయితీ, ఎందుకంటే తెరకు బొమ్మ పంపేది ఎక్కువ యంత్రాల్లో ఇంటెల్ చిప్పే. ఒకప్పుడు ఇంటెల్ సొంత డ్రైవర్ వేయబోతే ‘ఈ కంప్యూటర్‌కు ఆమోదించలేదు’ అని నిరాకరించేది. 2020 నుంచి ఇంటెల్ ఆ అడ్డు తీసేసింది. గ్రాఫిక్స్ తర్వాత నెట్‌వర్క్, బ్లూటూత్, ఆడియో, కార్డు రీడర్ ఏ వరసలో వేసినా ఫరవాలేదు.

టచ్‌ప్యాడ్ దగ్గర ఒక మెలిక ఉంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో అది ఐ2సీ అనే దారిలో ప్రాసెసర్‌తో మాట్లాడుతుంది. ఆ దారికి ఇంటెల్ సీరియల్ ఐఓ డ్రైవర్ లేకపోతే సినాప్టిక్స్‌దో ఎలాన్‌దో టచ్‌ప్యాడ్ డ్రైవర్ ఎన్నిసార్లు వేసినా తెరమీద బాణం కదలదు. యూఎస్‌బీ మౌస్ ఒకటి దగ్గర ఉంచుకోమని మెకానిక్కులు చెప్పడం అందుకే. చివరగా ఎఫ్‌ఎన్ మీటలు, బ్యాటరీ పరిరక్షణ, వేలిముద్ర లాంటి తయారీదారు సొంత సాఫ్ట్‌వేర్.

గుర్తు తెలియని పరికరం

అన్నీ వేశాక కూడా డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తుతో ‘అన్‌నోన్ డివైస్’ ఒకటి మిగిలిపోతుంది. దాని ప్రాపర్టీస్‌లో వివరాల పుటలో హార్డ్‌వేర్ ఐడీ చూస్తే గుట్టు బయటపడుతుంది. అందులో మొదటి నాలుగు అంకెలు తయారీదారువి, తర్వాతి నాలుగు పరికరానివి. తయారీదారు అంకె 8086 అయితే ఇంటెల్. 1978లో ఆ సంస్థ తెచ్చిన ప్రాసెసర్ పేరే అది. 10డీఈ ఎన్విడియా, 1002 ఏఎండీ, 10ఈసీ రియల్‌టెక్, 14ఈ4 బ్రాడ్‌కామ్, 168సీ క్వాల్‌కామ్ ఏథెరోస్. లెనొవో యంత్రాల్లో విపిసి2004 అని కనిపిస్తే అది ఆ సంస్థ పవర్ నిర్వహణ పరికరం. ఈ అంకెలను యథాతథంగా వెతికితే సరైన డ్రైవర్ దొరుకుతుంది; ‘ల్యాప్‌టాప్ సౌండ్ డ్రైవర్’ అని వెతికితే వలపన్నిన డౌన్‌లోడ్ పుటలు దొరుకుతాయి. ఒక్క నొక్కుతో అన్ని డ్రైవర్లూ వేస్తామనే సాఫ్ట్‌వేర్లలో అనేకం ప్రకటనల ప్రోగ్రాములను అంటగడతాయి, కొన్ని సరిపడని డ్రైవర్ వేసి నీలితెర తెస్తాయి. వాటిని దూరంగా ఉంచడమే క్షేమం.

పసుపు గుర్తు పక్కన ఉండే కోడ్ సంఖ్యకూ అర్థముంది. 28 అంటే డ్రైవర్ అసలు లేదు. 10 అంటే ఉంది కానీ పరికరం మొదలుకాలేదు. 43 అంటే పరికరమే లోపం తెలిపి ఆగిపోయింది, గ్రాఫిక్స్ చిప్పు వేడికి దెబ్బతిన్నప్పుడు తరచు కనిపించేది ఇదే. 52 అంటే డ్రైవర్ సంతకం చెల్లలేదు. 64 బిట్ విస్టా నుంచి విండోస్ సంతకం లేని కెర్నెల్ డ్రైవర్‌ను రానివ్వదు. విండోస్ 10 2016 కూర్పు నుంచి కొత్త కెర్నెల్ డ్రైవర్లకు మైక్రోసాఫ్ట్ సంతకమే తప్పనిసరి. ఈ కట్టుబాటుకు కారణం లేకపోలేదు. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ మాల్‌వేర్, రియల్‌టెక్, జేమైక్రాన్ సంస్థల నుంచి దొంగిలించిన సంతకాలతో డ్రైవర్ వేషంలో చొరబడింది. పాత ప్రింటర్ కోసం సంతకాల తనిఖీని శాశ్వతంగా ఆపేయడం ఇంటి తలుపు తీసిపెట్టి నిద్రపోవడం లాంటిది.

లినక్స్, మ్యాక్, క్రోమ్‌బుక్

లినక్స్‌లో కథ తిరగబడుతుంది. డ్రైవర్లు చాలావరకు కెర్నెల్‌లోనే భాగం, కాబట్టి సిస్టమ్ వేయగానే వైఫై, ఆడియో, టచ్‌ప్యాడ్ పనిచేయడం మామూలు. కొన్ని చిప్పులకు ఫర్మ్‌వేర్ ఫైలు విడిగా కావాలి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నియమంమీద పట్టుదలగా ఉండే డెబియన్ కూడా 2023 జూన్‌లో వచ్చిన 12వ కూర్పు నుంచి అలాంటి ఫర్మ్‌వేర్‌ను స్థాపన ప్రతిలోనే చేర్చింది. చిక్కులు ఎన్విడియా దగ్గర, కొన్ని బ్రాడ్‌కామ్ వైఫైల దగ్గర మిగిలాయి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే వాటి డ్రైవర్‌కు యజమాని కీ నమోదు చేయాల్సి వస్తుంది.

మ్యాక్‌లో యంత్రమూ సిస్టమూ ఒక్కరివే కనుక డ్రైవర్లన్న మాటే వినిపించదు. 2011 నుంచి ఇంటర్నెట్ ద్వారా రికవరీ ఉంది. ఇంటెల్ మ్యాక్‌లలో కమాండ్, ఆర్ మీటలు, ఆపిల్ సొంత చిప్పులున్నవాటిలో పవర్ బొత్తం నొక్కిపట్టడం రికవరీ తెరకు దారి. క్రోమ్‌బుక్‌లో అన్నీ తుడిచి కొత్తగా చేసే పవర్‌వాష్ కొన్ని నిమిషాల్లో ముగుస్తుంది.

తెలుగు రాత తిరిగి రావడం

తెలుగులో పనిచేసేవాళ్లకు డ్రైవర్లతోపాటు మరో జాబితా ఉంది. ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి, విండోస్ 7తో వచ్చిన వాణి ఫాంట్లు విండోస్ 10 నుంచి ఐచ్ఛిక సదుపాయాల్లోకి వెళ్లాయి. కొత్తగా వేసిన యంత్రంలో తెలుగు భాష చేర్చేదాకా నిర్మలా ఒక్కటే కనిపిస్తుంది. గౌతమిలో కూర్చిన పత్రం పుటలు మారిపోయి పంక్తులు చెదురుతాయి. సెట్టింగులలో తెలుగు భాష చేరిస్తే ఆ ఫాంట్లు వస్తాయి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఎప్పటినుంచో ఉంది, 2019 కూర్పు నుంచి ఫొనెటిక్ కీబోర్డు కూడా ఉంది.

డీటీపీ కేంద్రాల సంగతి ఇంతకన్నా సున్నితం. అను ఫాంట్లలో కూర్చిన పాత ఫైళ్లు యూనికోడ్ కావు. ఆ ఫాంట్లు, వాటి స్క్రిప్ట్ మేనేజర్ తిరిగి వేయకపోతే పుస్తకాలకు పుస్తకాలే అర్థంలేని గుర్తులుగా కనిపిస్తాయి. ఫైలు పోలేదు, దాన్ని చదివే అక్షరాలు పోయాయంతే. ఫార్మాట్‌కు ముందు ఫాంట్ల ఫోల్డర్, కీబోర్డు లేఅవుట్లు, సాఫ్ట్‌వేర్ సెటప్, దాని లైసెన్సు వివరాలు దాచుకోవాలి.

పని ముగిశాక

పసుపు గుర్తులన్నీ పోయి, నిద్రలోకి వెళ్లి లేవడం, హెడ్‌ఫోన్, కెమెరా, మైకు, బ్లూటూత్ ఒక్కొక్కటీ పరీక్షించాక సిస్టమ్ రిస్టోర్‌ను ఆన్ చేసి ఒక గుర్తు పెట్టడం మంచిది. డ్రైవర్లను మరోసారి ఎగుమతి చేసి, బిట్‌లాకర్ కీతోపాటు బయటి డిస్కులో ఉంచాలి. వీలైతే మొత్తం సి డ్రైవ్‌కు ఒక ఇమేజ్ కూడా తీయాలి. ఎస్‌ఎస్‌డీ మార్చాల్సి వచ్చిన రోజున ఆ ఇమేజ్‌ను కొత్త డిస్కుమీద పరిస్తే డ్రైవర్లు, ఫాంట్లు, ప్రోగ్రాములు అన్నీ ఉన్నచోట ఉన్నట్టుగానే లేస్తాయి.